దాగలి మీద లెన్సు

“ఏది ఓడితే అది దాగలి మీదికే,” అంటూ వెండ్లర్ సుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన మైక్రోస్కోపుల కార్ఖానాలో అదే ఆనవాయితీ. మసకగా చూపించిన పరికరం గుమ్మం దాటి వెళ్లదు. శనివారం మధ్యాహ్నం, పనివాళ్లందరి ఎదుటా, యజమానే స్వయంగా దాగలి అనే ఇనప దిమ్మ మీద పెట్టి పగలగొడతాడు.

ఈ శనివారం బల్ల మీద రెండున్నాయి. ఒకటి కుంట్సే మేస్త్రీది. సానపట్టడం, కన్ను పెట్టి చూడటం, నచ్చకపోతే మళ్లీ సానపట్టడం, ఆయనకు తెలిసిన విద్య అదే. పులుసులో ఉప్పు చూసుకున్నట్టు. ఇంకొకటి విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ రీటెల్‌ది. ఏ గాజుకి ఎంత వంపుండాలో ముందే లెక్క కట్టవచ్చనీ, కన్ను పెట్టి వెతుక్కోనక్కర్లేదనీ ఆయన వాదం.

ప్రొఫెసర్ ఓడితే ఆయనా, ఆయన లెక్కలూ కార్ఖానా వదలాలి. మేస్త్రీ ఓడితే సోమవారం నుంచి లెక్క ప్రకారమే సానపట్టాలి.

“కాగితం మీద ఉడికించిన బంగాళదుంపతో ఎవరి కడుపైనా నిండిందా ప్రొఫెసరుగారూ?” అన్నాడు కుంట్సే. పనివాళ్లు పగలబడి నవ్వారు.

ప్రొఫెసర్ మాత్రం వెండ్లర్ భార్య తెచ్చిన గసగసాల కేకు ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు. ఓడిపోబోయే మనిషికి ఆకలి బాగానే ఉందే అని ఆవిడ నెమ్మదిగా అంది.

సీతాకోకచిలుక రెక్క మీది పొడిని గాజు పలకకు అద్ది, ఏది ఎవరిదో తెలియని వెండ్లర్ మొదటి దాంట్లోకి చూశాడు. గీతలన్నీ గంజిలో పడ్డట్టున్నాయన్నాడు. రెండో దాంట్లోకి వంగినవాడు చాలాసేపు తల ఎత్తలేదు. అవే గీతలు దువ్వెన పళ్లలా విడివిడిగా ఉన్నాయట.

“మొదటిది ఎవరిది?”

“నాదే,” అన్నాడు ప్రొఫెసర్.

సుత్తి పడింది. ఇత్తడి వంగింది, గాజు చెదిరింది. టోపీలు పైకెగిరాయి.

ప్రొఫెసర్ మీసానికంటిన గసగసాలు తుడుచుకుని, గెలిచినదాంట్లోకి తనూ ఒకసారి చూశాడు. ఇంత మంచి లెన్సు తను ఇంతవరకు చూడలేదని మెచ్చుకున్నాడు. ఇకమీదట అన్నీ దీన్ని చేసిన పద్ధతిలోనే చేయిస్తారా అని వెండ్లర్‌ను అడిగాడు. తప్పకుండా అన్నాడు వెండ్లర్. పనివాళ్లందరూ చేతులెత్తి సరేనన్నారు. కుంట్సే చెయ్యి మాత్రం సగంలో ఆగింది.

ప్రొఫెసర్ టోపీ పెట్టుకుని గేటు దాకా వచ్చేసరికి వెనకాలే మేస్త్రీ రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

“వెళ్లకండి ప్రొఫెసరుగారూ. గెలవాలన్న పంతంతో మీ నల్లబల్ల మీది అంకెలు చూసి చేశాను. మీరు లేకపోతే ఇంకో రకం లెన్సు నావల్ల కాదు.”

“తెలుసు. ఈమధ్య మీరు కాఫీ తాగేది ఆ నల్లబల్ల ఎదురుగానే కదా.”

కుంట్సే తల వంచుకున్నాడు. ఏదో గుర్తొచ్చి మళ్లీ ఎత్తాడు. “మరి మీదీ అదే లెక్క కదండీ. అదెందుకు మసకబారింది?”

ప్రొఫెసర్ టోపీ తీసేసి మళ్లీ లోపలికి నడిచాడు.

“లెక్కతో మీరు చేస్తున్నారు కదా మేస్త్రీగారూ. పోటీకి రెండో పద్ధతి కూడా ఉండాలని, నాది నేను కన్ను పెట్టి చూసుకుంటూ సానపట్టాను.”