అద్దం తుడిచినంక

"గీ స్కానింగ్‌ల ఒక్క అక్షరం కనవడ్తలేదేంది బిడ్డా? నీ మిషన్ అద్దం తుడువు," అన్నడు విఠల్‌రెడ్డి.

ఎల్లారెడ్డిలో ఆ మీసేవ దుకాణం ఎస్తేర్‌ది. అద్దం మీద దుమ్మున్నదని ఆమెకు తెలుసు. కావాలనే తుడవలేదు. పట్టా కోసం తహసీల్ ఆఫీసుకు పంపనీకి ఆయన తెచ్చింది సాదాబైనామా. ఆమె తండ్రి సాయన్న తన పొలం విఠల్‌రెడ్డి తండ్రికి అమ్మినట్టు రాసిన తెల్లకాగితం. "నేను అమ్మలేదు బిడ్డా" అనుకుంటనే సాయన్న పానం పోయింది. ఆ బిడ్డ ఈమేనని విఠల్‌రెడ్డికి తెలువదు.

"పాత కాగితం పటేలా, గింతకన్నా రాదు."

"అయితే కామారెడ్డికి పోత. ఆడ పెద్ద మిషన్లున్నయి."

ఎస్తేర్ పండ్లు పటపట కొరికింది. తను కాకుంటే ఇంకొకరు తీస్తరు. మిషన్ మూత విప్పి, లోపలి అద్దాలనూ లెన్సునూ మెత్తటి గుడ్డతో తుడిచి, కాగితం మళ్లీ పెట్టింది.

ఈసారి వెలుతురు నిండుగ పడ్డది. వెలిసిపోయిన సిరా తెరమీద అక్షరం అక్షరంగ లేచింది. వేలిముద్ర కింద ఇన్నేండ్లు ఎవరికీ కనపడని వరుస: 'సాయన్న ఎడమ చేతి బొటనవేలి నిశాని.'

మగవాళ్ల ముద్రంటే ఎడమ చేతిదేనని రాతగాడు అలవాటుగ రాసిపారేసిండు. ఎస్తేర్ ఆ వరుసను రెండుసార్లు చదివింది.

"ఆఫీసుకు పంపమంటరా పటేలా?"

"ఇప్పుడే పంపు."

పంపింది. పోయిందని చూసుకున్నంకనే తలెత్తింది.

"నేను సాయన్న బిడ్డను. మా బాపు ఎడమ బొటనవేలు చిన్నతనంలనే చెరుకు గానుగల పోయింది. అద్దం మంచిగ తుడిపిచ్చినవు పటేలా."