నలభై ఒక్క కన్నాలు

హనుమాండ్లుకు కన్నాలు దొరికాయి. ఎందులోంచి దూరాలో తెలియలేదు.

ఒక కంపెనీ కంప్యూటర్లలోకి చొరబడే సందులు నలభై ఒకటి ఉన్నాయని మెషిన్ వెతికి లిస్టు ఇచ్చింది. ఎంత ప్రమాదమో చూసి ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు కూడా వేసింది. అన్నిటికీ పనిముట్లు తయారు చేసుకునే టైము లేదు. ఒక్కటి ఎంచుకోవాలి, దాన్ని పగలగొట్టే కోడ్ రాసుకోవాలి, లోపలికి దూరాలి. ఏది ఎంచుకున్నారో సోమవారం పదింటికల్లా చెప్పాలని విక్రమ్ సారు హుకుం.

విక్రమ్ సారంటే హనుమాండ్లుకూ, అతని జోడీ సుకన్యకూ హడల్. ఇలాంటి పనులు ఎన్నో చేశామని కోతలు కోసి ఇద్దరూ నెల కిందటే ఆయన దగ్గర చేరారు. నిజం చెప్పాలంటే వాళ్ళు ఇంతవరకు పక్కింటి వైఫై కూడా కొట్టలేదు. ఆ సంగతి సారుకు తెలిస్తే ఇద్దరి బతుకూ బజారున పడుతుంది.

"ఎవర్నన్నా అడుగుదమా అన్నా?" అంది సుకన్య శుక్రవారం సాయంత్రం.

"ఏమని అడుగుతవ్? గీ కంపెనీల ఎట్ల దూరాలె అని రోడ్డు మీద నిలబడి అడుగుతవా?"

"అడిగితే చెప్పరు. ఇంటర్వ్యూ పెడితే చెప్తరు."

హనుమాండ్లుకు ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

శనివారం పొద్దున్నకల్లా అమీర్‌పేట కరెంటు స్తంభాల మీద కొత్త కాగితాలు వెలిశాయి. సెక్యూరిటీ టెస్టర్లు కావలెను, ఆదివారం నేరుగా రండి, అని. పంజాగుట్టలో సుకన్య పిన్ని ట్యూషన్లు చెప్పే గది ఆదివారం ఖాళీ. గోడ మీది ఎక్కాల చార్టు తిప్పి పెట్టారు. లిస్టు మీద కంపెనీ పేరును నల్ల పెన్నుతో కొట్టేశారు. హనుమాండ్లు టై కట్టుకుని కూర్చున్నాడు గానీ, కుర్చీలు మూడో తరగతి పిల్లలవి కావడంతో మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

పదకొండింటికి మెట్ల నిండా ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ కుర్రాళ్ళు. ఇరవై ముగ్గురు వచ్చారు. ఇరవై మూడు రెజ్యూమేలూ ఒకటే. అందరికీ మూడేళ్ళ అనుభవం, అందరిదీ ఒకటే ప్రాజెక్టు, అందరి హాబీ తోటపని. గదికి ఆరుగురు పడుకునేవాళ్ళు తోట ఎక్కడ పెంచుతున్నారని హనుమాండ్లు ఎవర్నీ అడగలేదు. అడిగే ముఖం కాదు అతనిది.

లిస్టు చేతికిచ్చి ముందు ఏ కన్నం అని అడిగితే, జవాబు కూడా అందరిదీ ఒకటే.

"మార్కులు ఎక్కువున్నది ముందు సార్. తొమ్మిది పాయింట్ ఎనిమిది."

"ఎందుకు?"

"జిరాక్స్ మెటీరియల్‌ల గట్లనే ఉంది సార్."

మహిపాల్ అనే అతను మాత్రం కొంచెం వేరుగా ఆలోచించాడు. "నలభై ఒకటీ ఒక్కసారే కొడదాం సార్. ఏదో ఒకటి తగుల్తది." సుకన్య అతనికి మంచినీళ్ళు ఇచ్చి పంపేసింది.

మూడింటికి ఉమైరా వచ్చింది. ఆమె రెజ్యూమేలో తోటపని లేదు. చేతిలో వేరే ఆఫర్ ఉందట, అయినా ఇది కూడా చూసి పోదామని వచ్చిందట. అమీర్‌పేటలో అది మామూలే. చేతిలో ఉద్యోగం ఉన్నవాళ్ళే మిగతా ఇంటర్వ్యూలన్నీ తిరుగుతారు.

లిస్టును ఐదు నిమిషాలు చదివి, మొదటి వరుస మీద వేలు పెట్టింది.

"దీనికి మార్కులు మస్తున్నయ్. కానీ గా కన్నమున్న కంప్యూటర్ లోపలెక్కడనో ఉంది. బయటికెల్లి దాని కాడికి ఎవడు పోతడు సార్? ఇరవై తొమ్మిది చూడండి. మార్కులు తక్కువే. గానీ అది అందరూ లాగిన్ అయ్యే పేజీ మీదనే ఉంది. పగలగొట్టే కోడ్ సగం ఇంటర్నెట్‌ల దొరుకుతది, మిగిలిన సగం రాసుకుంటే చాలు. దాని వెనకనే కస్టమర్ల వివరాలన్నీ ఉన్నయ్. ముందు గిదే."

"జర మెల్లగ చెప్పమ్మా," అన్నాడు హనుమాండ్లు, నోట్‌బుక్ పేజీ తిప్పుతూ.

ఆమె మెల్లగా చెప్పింది. మిగిలిన సగం కోడ్ ఎలా రాయాలో కూడా చెప్పింది. హనుమాండ్లు నాలుగు పేజీలు రాసుకున్నాడు. ఇంటర్వ్యూ ఎవరు ఎవర్ని చేస్తున్నారో చూసేవాళ్ళకు అర్థమయ్యేది కాదు.

"గీ లిస్టు ఎవరిది సార్? అసలుదైతే బయటోళ్ళకు చూపియ్యొద్దు కదా."

"ఉత్త శాంపిల్ అమ్మా," అంది సుకన్య గబుక్కున. "మేమే ఫోన్ చేస్తం."

"అచ్ఛా," అని ఉమైరా ఇద్దర్నీ ఒకసారి పరకాయించి చూసి మెట్లు దిగిపోయింది. ఆ ఫోన్ ఎప్పటికీ రాదని తెలిసిన సుకన్యకు పాపం అనిపించింది. అంత తెలివైన పిల్ల చేత ఊరికే పని చేయించుకుని పంపేశారు మరి. అయితే ఆ పాపం మిర్చి బజ్జీలు వచ్చేదాకానే ఉంది. సాయంత్రానికల్లా ఇద్దరూ ఆమె చెప్పింది చెప్పినట్టు టైపు చేశారు.

సోమవారం పదింటికి ఇద్దరూ వెళ్ళి విక్రమ్ సారు గదిలో నిలబడ్డారు. సారు తలుపు దగ్గరికి వేశారు.

"లిస్టు ఎవరి కంటా పడలేదు కదా?"

"అయ్యో, లేదు సార్!"

సారు చదవడం మొదలుపెట్టారు. ఇరవై తొమ్మిది దగ్గర ఆయన ఆగారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు. లేచి వచ్చి హనుమాండ్లు భుజం తట్టారు. బతికిపోయాం అనుకున్నాడు హనుమాండ్లు.

"అద్భుతం! ఇంకెవరైనా మార్కులు చూసి మొదటిదే పట్టుకునేవాళ్ళు. తన కంపెనీలోకి దొంగలు ఎటు నుంచి వస్తారో ముందుగా కనిపెట్టి చెప్పమని మనకు పని అప్పగించిన ఆ క్లయింటు మీ ఇద్దరికీ దండ వేస్తాడు. మీలాంటి అనుభవజ్ఞులను ఉద్యోగంలోకి తీసుకున్నందుకు నాకు గర్వంగా ఉంది," అంటూ విక్రమ్ సారు తలుపు తీశారు. "రండి ఉమైరా గారూ, కొత్త మేనేజరుగా ఇవాళే చేరారు కదా, మీ టీమును పరిచయం చేస్తాను."