ఎర్రగా వచ్చిన పేరు

అలా కాదమ్మడూ, నేను చెప్పే కథలో పేర్లెందుకు, కోడలు అనే రాయి. కోడలు మెట్ల కింద నిలబడి కేకేసింది, అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

"అత్తయ్యా! ఇంటి నెట్టంతా మీరే తాగేస్తున్నారు!"

అత్తగారు ముందు గదిలో ఊలు స్వెటర్ అల్లుతోంది. గోడకు ఆనించిన ఫోనులో ఎవరో అల్లిక నేర్పుతుంటే దాన్ని చూస్తూ అల్లుతోంది. తలెత్తలేదు.

"పొద్దుట్నుంచి కాఫీ తప్ప ఏం తాగలేదే."

"వేళాకోళం కాదు. సర్వర్ చెబుతోంది."

"ఏ సర్వర్? మనం హోటల్ మొహం చూసి నెలయింది."

సర్వర్ అంటే మెట్ల కింద పెట్టిన పాత కంప్యూటర్. ఇంట్లోకి వచ్చే నెట్ అంతా దాని గుండానే పోతుంది. ఎవరెంత వాడారో అది లెక్క చెబుతుంది. కంప్యూటర్లు బాగుచేసే ఆడపడుచు కూతురు ముందురోజు వచ్చి దాన్ని బిగించి, ఎవరి ఫోనుకీ కంప్యూటర్‌కీ వాళ్ళ పేరు ఎక్కించి, తన షాపుకి వెళ్ళిపోయింది. అందరికంటే ఎక్కువ వాడినవాళ్ళ పేరు పైన ఎర్రగా వస్తుంది. మిగతావాళ్ళవి కావాలంటే తెర కిందికి జరపాలి. పైన అంత ఎర్రగా 'అత్త' అని కనిపిస్తుంటే ఇంక జరిపి చూసేదేముందనుకుంది కోడలు.

కోడలి కంగారు ఊరికే కాదు. ఇంట్లో కూర్చునే ఆసుపత్రి ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఒకటి చూసుకుంటోంది. పోయినసారి ఇంటర్వ్యూలో నోరు తెరిచిన మనిషి తెరిచినట్టే తెర మీద బిగుసుకుపోయింది. "ఇంకొక్కసారి చూస్తాం. ఈసారీ నెట్ ఆగితే మీకూ మాకూ కుదరదు" అన్నారు వాళ్ళు. ఆ ఒక్కసారి ఇంకో పది నిమిషాల్లో, పదకొండింటికి ఉంది.

"ఒక్క గంట ఆ ఫోన్ కట్టేయండత్తయ్యా."

"చంక దగ్గర అల్లిక కళ్ళు తగ్గిస్తున్నానే. ఇప్పుడాపితే చెయ్యి పట్టని స్వెటరవుతుంది. అయినా ఇంత చిన్న ఫోను అంత నెట్ ఎలా తాగుతుంది?"

"సరే, మీరు ఆపకపోతే నేనే ఆపుతా."

ప్రతి పేరు పక్కనా 'ఆపు' అని ఒక బొత్తాం ఉంది. కోడలు 'అత్త' పక్కన బొత్తాం నొక్కి, చీర కొంగు సర్దుకుని, గదిలోకెళ్ళి తన కంప్యూటర్ ముందు కూర్చుంది.

కంప్యూటర్లో చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. పదకొండు కావడానికి రెండు నిమిషాలుంది. ముందు గదిలోంచి మాత్రం "ఇప్పుడు రెండు కళ్ళు కలిపి అల్లండి" అని వినిపిస్తోంది.

కోడలు ఒక్క అంగలో అక్కడికొచ్చింది. "మీదింకా వస్తోందా!"

"భేషుగ్గా వస్తోంది. నీదో?"

కోడలు గడియారం వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు ఆ మొహం చూసి, సూదులు పక్కన పడేసి, ఫోను చేతికిచ్చింది.

"ఏడవడానికి తర్వాత బోలెడు టైముంది. ఇందులో మాట్లాడు."

నలభై నిమిషాలు కోడలు మాట్లాడింది. అత్తగారు ఎదురుగా కూర్చుని రెండు చేతులతో ఫోను కదలకుండా పట్టుకుంది. నెట్ ఒక్క క్షణం ఆగలేదు. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు.

సాయంత్రం ఆడపడుచు కూతురు వచ్చి మెట్ల కిందికి తొంగిచూసింది.

"అత్తా, నీ కంప్యూటర్‌కి నెట్ ఎవరాపారు? ఇంటర్వ్యూ పాఠాలని రెండొందల వీడియోలు దింపుకోవడానికి పెట్టావు, అన్నీ మధ్యలో ఆగిపోయాయి పాపం."

"నాదెందుకు ఆపుతానే? నేను ఆపింది అత్తది!"

"ఆ పేర్లు ఎక్కించింది నేను కదా. ఆవిడ నాకు అమ్మమ్మ. అత్తవి నువ్వే!"

రాశావా? ఊరికెళ్ళిన మీ అత్త రాగానే ఇది చదివి వినిపించు. ఏ అత్తకని నన్నడక్కు.