ఉలి గాటు

“గెలిచినాది బావా మన పిలైవుడ్డు! వారం నీళ్లల్లో నానినా పొర ఊడనేదు,” అన్నాడు గణపతిరావు.

ఎర్రయ్య తలూపాడు. టేకుకు బదులు ప్లైవుడ్డుతో రైలుపెట్టెలు కట్టొచ్చని, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు పెద్ద వడ్రంగిగా ఆ పొద్దునే సంతకం పెట్టి వచ్చాడు. నానేసిన తొట్టికి కాపలా ఉన్నది చెల్లెలి మొగుడు గణపతిరావే, ఇంక అనుమానమెందుకు?

చెల్లెలు జోగమ్మ టీకి పొయ్యి రాజేస్తోంది. “ఈ చెక్కపొరలు మీ బావే తెచ్చినారు. ఎండబెడితే బాగా అంటుకుంటన్నాయి అన్నియ్యా!”

ఎర్రయ్య ఒక పొర అందుకున్నాడు. తొట్టిలో వేసేముందు ప్లైవుడ్డు ముక్కకు తాను పెట్టిన ఉలి గాటు దాని అంచున ఉంది.

“ముక్క మార్సీసినావేటి బావా?”

గణపతిరావు తల దించుకున్నాడు. “టేకు ఇంకెక్కడ దొరుకుతాది బావా? రేపంతా పిలైవుడ్డే. దానికి కొత్త సెక్షన్ వొస్తే మేస్త్రీని నేనే.”

“మరి సంతకం నాసేత ఎందుకెట్టించినావు?”

“నువ్వబద్దమాడవని షాపంతటికీ తెలుసు గదా.”