దొరవారి బ్రేక్ ఆయిల్

ఆ ఉదయం కోరుట్లలో గోపాల్ రావు గారు మెట్లు దిగేసరికి, గేటు దగ్గర తెల్లచొక్కా మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు.

డ్రైవర్‌ను పంపమని రాత్రే, బండ్లకు డ్రైవర్లను కుదిర్చే హన్మంతుకు ఫోన్ చేశారు. కాబట్టి గేటు దగ్గర నిలబడ్డవాడు డ్రైవరే. "నువ్వెవరివి?" అని అడగలేదు. అడగడం ఆ వంశంలో లేదు. తాళంచెవి విసిరారు.

ఆ మనిషి దాన్ని గాలిలోనే అందుకున్నాడు.

"దొరా, మీతోని ఒక ముచ్చట..."

"ముచ్చట్లు చెప్పే డ్రైవరంటే నాకు మంట. చందుర్తికి పోవాలె, నడువు."

చందుర్తి పేరు వినగానే అతను చిన్నగా నవ్వాడు. అప్పటికే కారులో కూర్చున్న దొరసాని జానకమ్మకు దండం పెట్టి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

ఆ ప్రయాణం సామాన్యమైనది కాదు. తాతల నాడు కనుచూపు మేర ఏలిన భూమి ముక్కముక్కగా చేతులు మారగా, చందుర్తి పక్కన ఒక్క మెట్ట చెలక మిగిలింది. చుట్టూరా పరుల పొలాలే. చెలకకున్న ఒకే ఒక్క బాట, దుబాయ్ నుంచి వచ్చిన మహిపాల్ అనేవాడు మొన్న కొన్న పొలంలో పడింది. అతను కంచె కడితే గోపాల్ రావు గారి సామ్రాజ్యం ద్వీపమవుతుంది. చక్రవర్తి ఎగిరి వెళ్లి వాలవలసిందే.

ముఖమైనా ఎరుగని ఆ మహిపాల్‌ను ఇవాళ బాట అడగాలి. అడగడం వంశంలో లేని విద్య గనుక, ఆయన పెదవులు కదలకుండా అభ్యాసం చేస్తున్నారు.

కథలాపూర్ దాటాక డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

"దొరా, బ్రేకు పట్టేస్తున్నది. బ్రేక్ ఆయిల్ చూసిన్రా?"

"చూసుడేంది, నేనే పోసిన!"

పోసిన మాట నిజమే. కిందటి వారం స్టీరింగ్ ముందర ఎర్రదీపం వెలిగితే, బానెట్ ఎత్తి చూశారు. చిన్న తెల్లడబ్బాలో మట్టం కింది గీతకూ దిగువన ఉంది. బ్రేక్ ఆయిల్ తగ్గింది. ఆయిల్ తగ్గితే ఆయిల్ పోయాలి. షెడ్డులో ఇంజన్ ఆయిల్ ఉంది. నామవాచకం ఒక్కటే అయినప్పుడు విశేషణంతో పనేమిటని, రుద్రాభిషేకమంత నిష్ఠగా పైగీత దాకా పోశారు.

"మూత మీద ఏదో రాసిపెట్టిన్రు. వేరేది పొయ్యొద్దట," అన్నది అప్పుడు జానకమ్మ.

"మూతలు చదివి బండ్లు నడుపుతరా ఎవలన్న?"

పేరుకు ఆయిలే గాని బ్రేక్ ఆయిల్ నూనె కాదన్న సంగతి బ్రేకు లోపలి రబ్బరు బిళ్లలకు తెలుసు. ఆ అభిషేకానికి అవి వారంగా ఉబ్బుతూనే ఉన్నాయి.

"ఓసారి ఆపుత దొరా. అసలు నేనెవరో గూడ మీకు..."

"నువ్వెవరైతే నాకేంది? నడువు, పొద్దువోతున్నది!"

రుద్రంగి దాటాక దిగుడు వచ్చింది. డ్రైవర్ పెడల్ తొక్కాడు. పెడల్ అడుగంటింది. కారు ఆగలేదు.

ఎదురుగా ఆర్టీసీ బస్సు.

"అమ్మా, సీటు గట్టిగ పట్టుకోండ్రి!"

గేర్లు మూలిగాయి. హ్యాండ్‌బ్రేకు కీచుమన్నది. రోడ్డు పక్కన ఆరబోసి కుప్ప చేసిన వడ్లలోకి కారు దూసుకుపోయి, పీకల దాకా కూరుకుపోయి, ఆగింది.

తలుపు నెడితే వడ్లు. అద్దం దించితే ఒడిలోకి వడ్లు. పూర్వం ఊళ్లకు ఊళ్ల ధాన్యం కొలిపించుకున్న వంశాంకురం, ఆ ధాన్యంలోనే బందీ అయింది.

కుప్ప ఆసామి శాంత చీపురుతో ఉరికొచ్చింది.

"ఏం దొరా! ఇంటికి మోపిచ్చుకునే కాలం పోయిందని బండేస్కొని వడ్లల్లకే అస్తున్నవా?"

డ్రైవర్ కిటికీలోంచి బయటపడి, చేతులతో వడ్లు తోడి, ముందు జానకమ్మను, తర్వాత దొరవారిని బయటికి తీశాడు.

దొరవారు మీసంలోని వడ్లు దులుపుకొని గర్జించారు.

"నా చేతులతోని కొత్త ఆయిల్ పోసిన బండికి బ్రేకెట్ల పడది? తొక్కుడు నీకే రాదు! పో! నీ మొఖం మళ్ల నాకు చూపియ్యకు!"

"మనల్ని బతికిచ్చిండు గదా..." అన్నది జానకమ్మ.

ఆ మనిషి మోచేతి నెత్తురు తుడుచుకున్నాడు. తాళంచెవి దులిపి ఆయన అరచేతిలో పెట్టాడు.

"సరే దొరా. మీ మాట తీసెయ్య."

అటుగా పోతున్న ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోయాడు.

చాలాసేపటికి దొరికిన ఆటోలో దంపతులు చందుర్తి చేరారు. మహిపాల్ వాకిట్లో కంచె కోసం తెచ్చిన రాతి కడీలను కూలీలు ట్రాలీలోకి ఎత్తుతున్నారు. అతని భార్య సంగీత మంచినీళ్లు తెచ్చింది.

గోపాల్ రావు గారు దారంతా సాధన చేసిన విద్యను ప్రదర్శించారు.

"బాట సంగతి... మీ ఆయనను జర అడుగుదామని అచ్చినం, బిడ్డా."

"అయ్యో, పొద్దుగాలనే మీ ఇంటికి పోయిండు గద దొరా! పెద్దమనిషి మనింటికచ్చి అడుగుడేంది, బాట ఇడిసిపెడుతున్ననని మనమే చెప్పి అద్దామని పోయిండు."

జానకమ్మ భర్త వైపు చూడలేదు.

"ఇప్పుడేడున్నడు?" అన్నారు గోపాల్ రావు గారు.

"లోపల్నే ఉన్నడు. మోచేతికి పట్టీ కట్టుకుంటున్నడు."

"జర రమ్మను."

సంగీత లోపలికి పోయి, ఒంటరిగా తిరిగి వచ్చింది.

"రాడట దొరా. మొఖం మళ్ల చూపియ్యద్దని మీరే అన్నరట గద. రోజు మా పొలంకెల్లి మీరు పోతుంటె అగుపడకుండ ఎట్లుంటనని, గా కడీలు బాటకడ్డంగ పాతిపిస్తున్నడు."