ఇసుక గుంట దగ్గర రాయి

రాయి మీద కప్పిన తెల్లటి దుప్పటి గాలికి ఉబ్బుతోంది. నాన్న దాని కొసని కాలితో తొక్కిపెట్టి నిలబడ్డాడు.

యుద్ధం అయిపోయి పదేళ్ళు. బెలరూస్‌లో మాది చిన్న ఊరు. ఊరి బయట ఈ ఇసుక గుంటలోనే, ఒక్క రోజులో, జర్మన్లు మావాళ్ళని పన్నెండు వందల అరవై మందిని కాల్చి పూడ్చేశారు.

అందులో అమ్మ ఉంది. అమ్మ చంకలో మా చెల్లి.

అప్పుడు నాన్న సైన్యంలో, నేను మేనత్తతో తాష్కెంట్‌లో. అలా మిగిలాం.

రాయి మీద ఏం ఉండాలో జిల్లా కమిటీ కాగితం పంపింది: "ఫాసిస్టులకు బలైన సోవియట్ పౌరులు."

నాన్న రాళ్ళు చెక్కేవాడు. ఆ మాటల్ని రష్యన్‌లో పొల్లు పోకుండా చెక్కాడు.

కింద ఇంకో వరుస కూడా చెక్కాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

జిల్లా కార్యదర్శి హలుబోవిచ్ దుప్పటి లాగాడు.

"కింద ఆ గీతలేంటి, జెల్మన్?"

"గీతలు కావు కామ్రేడ్. యిద్దిష్. మా ఇంటి భాష."

బేర్ల్ బాబాయి నాన్న మోచెయ్యి గిల్లాడు. "పైన ఉన్నదే ఇదీ అని చెప్పన్నయ్యా. నీకు దణ్ణం పెడతాను."

"ఏం రాశావు?" మళ్ళీ అడిగాడు కార్యదర్శి.

నాన్న టోపీ సర్దుకుని, గొంతెత్తి చదివాడు.

"ఇక్కడున్నది యూదులు. యూదులైనందుకే చంపారు."

వెనకాల ఎవరో ముక్కు చీదారు.

"అందరూ సోవియట్ పౌరులే కదయ్యా!" అన్నాడు కార్యదర్శి. " మావాళ్ళు చావలేదా? మా అన్నని అడవిలో తగలబెట్టారు."

"తెలుసు. మీ అన్న రాయి కూడా నేనే చెక్కాను. కానీ ఈ గుంటకి రమ్మని మీ తలుపు ఎవరూ తట్టలేదు."

హలుబోవిచ్ ఒక్క క్షణం రాయి వంక చూశాడు. పక్కన మిన్స్క్ నుంచి వచ్చిన పెద్దలున్నారు.

"సోమవారానికల్లా చెరిపెయ్."

"మా నాన్న నాకు చెక్కడం నేర్పాడు. చెరపడం నేర్పలేదు."

సోమవారానికి నాన్నకి పని లేదు. రాయి మీద ఆ వరుసకి సిమెంటు పూసేశారు.

నాన్న బట్టీలో ఇటుకలు మోశాడు. "ఒక్క అబద్ధమాడితే నీ సొమ్మేం పోయేది?" అని బాబాయి ఏడాదంతా సాధించాడు. నాన్న తన సూప్ తాను తాగేవాడు.

మా చలికి సిమెంటు ఆగదు. మొదటి వసంతానికే పగిలింది. మళ్ళీ పూశారు. మళ్ళీ పగిలింది.

మూడోసారి పుయ్యడానికి ఎవరూ రాలేదు. ఎవరు వద్దన్నారో మాకు తెలీదు.

ఆ మే నెలలో లెనిన్‌గ్రాడ్ నుంచి ఒకావిడ వచ్చింది. ఆమె తోబుట్టువులు ముగ్గురు ఈ గుంటలోనే ఉన్నారట. నాన్న బట్టీ నుంచి నేరుగా వచ్చాడు. అందరం ఆమెని రాయి దగ్గరికి తీసుకెళ్ళాం.

పైన ఉన్న రష్యన్ మీద ఆమె చూపు నిలవలేదు. కింద వరుస మీద వేలు పెట్టి, కుడి నుంచి ఎడమకి, ఒక్కో అక్షరం పైకే చదివింది. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఎవరు చెక్కారండీ ఇది?"

బాబాయి నోరు తెరిచేలోపే నాన్న ముందుకొచ్చాడు. ఎర్రటి దుమ్ము అంటిన చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"జెల్మన్ ఐజికోవిచ్ రబీన్," అన్నాడు. "రాళ్ళు చెక్కేవాణ్ణి."