బెంగాలీ బొమ్మకు తెలుగు గొంతు

మూతపడ్డ రేకుల సినిమా హాలు బాగవుతోందంటే, దీవిలో మిన్నీ బే తెలుగు జాలర్లంతా సంబరపడ్డారు. గవరయ్య ఒక్కడే వద్దన్నాడు.

"దూలాలు పుచ్చిపోనాయి. కూల్చేయండి."

"కొత్త దూలాలేసేశాం మావా. నీకేటి బాధ?" అన్నాడు బాగుచేయిస్తున్న బంగారురాజు. "తొలి ఆట మన బెంగాలీ బొమ్మే."

గవరయ్య మొహం మాడిపోయింది.

హాలు కట్టిన కొత్తల్లో సినిమా పెట్టెలు ఓడలో వచ్చేవి. వానల్లో ఓడ రాకపోతే, ఎవరో వదిలేసిపోయిన ఆ బెంగాలీ సినిమాయే గతి. ఆ భాష తనకు తప్ప ఊళ్లో ఎవరికీ రాదని గవరయ్య నమ్మకం. కలకత్తా ఓడలో కలాసీగా పనిచేసినవాడు. తెర పక్కన నిలబడి, రేకు గొట్టం నోటికి పెట్టుకుని తెలుగులో అరిచేవాడు. ఆడమనిషి మాటకి గొంతు సన్నం చేసేవాడు. ముసలాడి మాటకి ముందు దగ్గేవాడు.

కథ ఒక పడవవాడి పెళ్లానిది. ఏటిలోకి వెళ్లిన మొగుడు తిరిగి రాడు. ఆఖర్న దూరంగా ఒక పడవ కనిపిస్తుంది. "అదిగో, ఒచ్చేశాడు" అని గవరయ్య అనగానే హాలంతా ఈలలు.

నిజానికి ఆ పడవ తెచ్చేది చావు కబురు.

తొలిసారి ఉన్నదున్నట్టే చెప్పబోయాడు. ముందు బల్ల మీద ఎరుకమ్మ కనిపించింది. ఆమె మొగుడు అప్పలరాముడు చేపల వేటకెళ్లి నెలలు దాటింది. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. గవరయ్యకు నోరు రాలేదు.

ఆ తర్వాత మార్చలేకపోయాడు. పెళ్లైనప్పటి నుంచీ ఎరుకమ్మ లారీ ఎక్కి ఫెరార్గంజ్ వెళ్లి, బెంగాలీ రైతుల ఇళ్లకు చేపలమ్మేది. ఎంత అలిసినా ఆ బొమ్మ పడిందంటే ముందు బల్ల మీద ఉండేది. గాజులు తీయలేదు. గవరయ్య పెళ్లి చేసుకోలేదు. ఎదురుచూసే మనిషిని ఏమని అడుగుతాడు? ఆ ఆశ పెట్టింది తనే.

తుఫానుకు రేకులెగిరి హాలు మూతపడింది. ఇద్దరికీ జుట్టు నెరిసింది.

"ఈసారి నువ్వు గొంతు సించుకోనక్కర్లేదు మావా," అన్నాడు బంగారురాజు. "ఫెరార్గంజ్ నుంచి బెంగాలీ మాస్టారొస్తన్నాడు. తెలుగు నేర్సినోడు. మాటకి మాట మైకులో సెప్తాడు. నువ్వు ఆరామ్‌గా కూకుని సూడు."

ఆట రోజు గవరయ్య లోపలికి వెళ్లలేదు. గోడకానుకుని బయటే నిలబడ్డాడు. మైకులో మాస్టారి గొంతు నింపాదిగా సాగింది. ఆఖర్న ఈలలు లేవు.

జనం గొణుక్కుంటూ బయటికొచ్చారు.

"మాస్టారికి తెలుగు సరిగ్గా రాదు భయ్యా."

"మొగుణ్ణి సంపేశాడు."

అందరూ వెళ్లాక ఎరుకమ్మ వచ్చింది. వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"మాస్టారు సెప్పిందే నిజం," అన్నాడు గవరయ్య, ఆమె వైపు చూడకుండా. "నానే అబద్దం సెప్పాను. నీ ముందు ఆ మాట అనలేకపోనాను."

ఎరుకమ్మ అతని వైపు తిరిగింది.

"ఆ బాస నాకు మొదట్నించీ తెలుసు గవరయ్యా, ఆడింక రాడని నీ నోటంట ఎప్పుడొత్తాదా అనే పెతీ ఆటకీ ఒచ్చి కూకున్నాను."